జర్మనీలో మొదటి మూడు నెలలు: ఏది ముందు, ఏది తర్వాత

జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఎప్పుడూ అవే ప్రశ్నలు. మొదటి జీతంలో అంత పన్ను ఎందుకు పోయింది? బ్యాంకు కార్డు ఎందుకు రాలేదు? కింది ఇంటావిడ తలుపు మీద చీటీ ఎందుకు అంటించింది? దేనికది వేరే తలనొప్పిలా కనిపిస్తుంది కానీ, ఆరా తీస్తే చాలావరకు మొదటి రెండు వారాల్లో ఏదో ఒక పని వరుస తప్పడం దగ్గర తేలుతుంది. అందుకే ఇది వరుసగా రాస్తున్నాను. చదువుకు వచ్చినా, ఉద్యోగానికి వచ్చినా, భర్త వెంటో భార్య వెంటో వచ్చినా వరుస ఇదే.

## 1. బయల్దేరే ముందు: పెట్టెలో ఏవి ఉండాలి, ఏవి తీసెయ్యాలి

సూట్‌కేసు సర్దేది ఎలాగూ అమ్మే కాబట్టి ఈ భాగం ఆవిడకు చదివి వినిపించండి.

యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సొంత వాడకానికైనా తేకూడదు. చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా ఎయిర్‌పోర్టులో తనిఖీకి దొరికితే చెత్తబుట్టలోకి పోతాయి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లకు మొక్కల ఆరోగ్య ధృవపత్రం అడుగుతారు. కరివేపాకు మీద మనసుంటే పొడి కొట్టించుకుని తెచ్చుకోండి. ఆవకాయ, కారప్పొడులతో ఇబ్బంది లేదు, కానీ నూనె కారకుండా మూడు కవర్లు చుట్టండి.

బియ్యం మోసుకురావద్దు. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. ఆ బరువులో ఇవి పెట్టుకోండి:

- పుట్టిన తేదీ, పెళ్లి, చదువు సర్టిఫికెట్ల అసళ్లు. చెకిన్ లగేజీలో కాదు, చేతి సంచిలో.
- రోజూ వేసుకునే మందులు, వాటితో డాక్టరు చీటీ. బ్రాండు పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, మందు అసలు పేరు రాయించుకోండి.
- అడుగు చదునుగా ఉన్న స్టీలు కుక్కర్, రెండు గ్యాస్‌కెట్లు. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు.
- మిక్సీ. కరెంటు ఇక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు.
- రెండో కళ్లజోడు.
- బాత్రూమ్‌కు ఒక చెంబు. నవ్వకండి, వచ్చిన మర్నాడే వెతుక్కుంటారు.

## 2. ఇల్లు: సంతకానికి ముందు

ప్రకటనలో రెండు అద్దెలు కనిపిస్తాయి. 'కాల్ట్‌మీటె' అంటే ఉత్త అద్దె. 'వార్మ్‌మీటె' అంటే నీళ్లు, చెత్త, చాలాచోట్ల హీటింగ్ కూడా కలిపినది. కరెంటు, ఇంటర్నెట్ రెండింటిలోనూ ఉండవు, వేరే కట్టుకోవాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు మొదటి అంకె చూసి మురిసిపోవద్దు.

ఖాళీ ఇల్లంటే ఇక్కడ నిజంగానే ఖాళీ. వంటింట్లో పొయ్యి, సింకు, అల్మారాలు ఉండకపోవచ్చు. పైకప్పు నుంచి బల్బు లేని వైర్లు వేలాడుతుంటాయి. అందుకే మొదటి ఏడాదికి ఫర్నిచర్‌తో ఉన్న గది గానీ, నలుగురు కలిసి ఉండే ఇల్లు గానీ మేలు.

డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల ఉత్త అద్దెకు మించకూడదు. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. ఖాళీ చేయాలంటే సాధారణంగా మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి.

సంతకానికి ముందు అడగాల్సినవి:

- ఈ చిరునామాలో రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా? కాదంటే ఆ ఇల్లు వదిలేయండి.
- వంటిల్లు ఉందా? ఉంటే అందులో ఏమేం ఇంటితో వస్తాయి?
- బట్టలు ఎక్కడ ఉతకాలి, ఎక్కడ ఆరేయాలి?

ఇల్లు చూడకుండా, తాళం చేతికి రాకుండా డబ్బు పంపమన్నవాడు దొంగే. విదేశాల్లో ఉన్నాననీ, తాళం పోస్టులో పంపుతాననీ చెబితే ఇంకా అనుమానం అక్కర్లేదు. తాళం తీసుకునే రోజు గోడలు, నేల, బాత్రూమ్ ఫొటోలు తీసి, ఉన్న గీతలన్నీ అప్పగింత కాగితంలో రాయించండి. డిపాజిట్ తిరిగి అడిగేటప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

## 3. తాళం చేతికొచ్చిన గంటలో: పోస్టు డబ్బా మీద పేరు

మనకు చిరునామా అంటే ఫ్లాట్ నంబరు, ఫలానా గుడి వెనకాల. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబరు అనేదే ఉండదు. వీధి, బిల్డింగు నంబరు, మీ పేరు, అంతే. పోస్టు తెచ్చిన మనిషి డబ్బాల మీద పేర్లు చదువుతాడు. మీ పేరు లేకపోతే ఆ ఇంట్లో మీరు లేనట్టే.

నేను వచ్చిన కొత్తలో మూడు వారాలు ఒక్క ఉత్తరం రాలేదు. డబ్బా మీద నాకు ముందు అద్దెకున్నతని పేరే ఉంది, మార్చాలని తోచలేదు. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. పైఇంటి పెద్దాయన ఒకరోజు నా డబ్బా వైపు వేలు చూపించి, జేబులోంచి తెల్ల టేపు ముక్క, పెన్ను తీసి ఇచ్చాడు. ఆ టేపు ఏడాది ఉంది.

పేరు రాయడంలో మనకో చిక్కుంది. ఇక్కడ అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఉత్తరాలూ దాని మీదే వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ స్పెల్లింగులో ఉందో అదే రాయండి. పెళ్లయినా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటే రెండు ఇంటిపేర్లూ రాయాలి, లేకపోతే ఆవిడ ఉత్తరాలు తిరిగిపోతాయి. కాలింగ్ బెల్లు మీద కూడా అవే పేర్లు.

## 4. రెండు వారాల్లో: రిజిస్ట్రేషన్

దీన్ని 'ఆన్‌మెల్డుంగ్' అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి పౌర కార్యాలయంలో మీ చిరునామా నమోదు చేయించుకోవాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ అంత త్వరగా దొరకదు. టికెట్ బుక్ అయిన రోజు నుంచే వెబ్‌సైట్ చూస్తుండండి, పొద్దున్నే రద్దయిన స్లాట్లు కనిపిస్తుంటాయి.

తీసుకెళ్లాల్సినవి:

- పాస్‌పోర్టు, వీసా
- నింపిన ఫారం
- ఇంటి యజమాని సంతకం పెట్టిన నివాస ధృవపత్రం. అద్దె ఒప్పందం దీనికి బదులు కాదు. ఎక్కువమంది ఇక్కడే వెనక్కి వస్తారు.
- కుటుంబం ఉంటే పెళ్లి, పిల్లల సర్టిఫికెట్లు

ఫారంలో మతం గడి దగ్గర ఆగండి. అది ఊరికే అడిగే వివరం కాదు. చర్చి పన్ను వసూలు చేసే ప్రొటెస్టెంట్, క్యాథలిక్ సంఘాల సభ్యులని రాస్తే మీ ఆదాయపు పన్ను మీద మరో 8 లేదా 9 శాతం ప్రతి నెలా పోతుంది. మన క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఆలోచించకుండా టిక్కు పెట్టి, జీతం స్లిప్పు చూశాక కంగారు పడుతుంటారు. కట్టాలనుకుంటే సంతోషంగా కట్టండి, తెలిసి కట్టండి.

ఇది అయ్యాక మిగతావి ఈ వరుసలో కదులుతాయి:

1. పన్ను నంబరు, 11 అంకెలది, కొన్ని వారాల్లో పోస్టులో వస్తుంది. ఇది ఆఫీసుకు అందకపోతే జీతం మీద ఎక్కువ రేటున పన్ను కోస్తారు. అందాక సర్దుబాటు చేస్తారు కాబట్టి గాభరా వద్దు.
2. ఆరోగ్య బీమా. ఇది తప్పనిసరి.
3. బ్యాంకు ఖాతా.
4. రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్. వీసా గడువుకు చాలా ముందే అడగండి. ఆలస్యమైతే అడిగినట్టు రుజువుండే ఈమెయిల్ దాచుకోండి.

కొద్దిరోజులకు రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. నెలకు 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేదంటే కుదరదు. ఇది మనిషికి కాదు, ఇంటికి ఒకటి. ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కట్టి, మిగతావాళ్లు ఆ నంబరు రాసి పంపితే సరిపోతుంది. మోసమనుకుని చింపేస్తే జరిమానాతో మళ్లీ వస్తుంది.

ఇక్కడో అలవాటు చేసుకోండి: వచ్చిన ప్రతి కాగితం ఫోన్‌లో స్కాన్ చేసి, ఒక ఫైల్లో పెట్టండి. పసుపు కవర్లలో వచ్చిన ప్రభుత్వ ఉత్తరాలను ఆదివారం చూద్దామని పక్కన పెట్టొద్దు. గడువు ఆ కవరు డబ్బాలో పడ్డ రోజు నుంచే లెక్క.

## 5. ఇంటి గాలి: కిటికీ, పోపు, బూజు

ఇక్కడి కిటికీ పిడి మూడు వైపులకు తిరుగుతుంది. కిందికి ఉంటే మూసినట్టు. పక్కకు తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది. పైకి తిప్పితే కిటికీ పైభాగం లోపలికి వాలుతుంది. మొదటిసారి చూసినవాళ్లు కిటికీ ఊడి మీద పడుతోందనుకుని రెండు చేతులా పట్టుకుంటారు. నేనూ పట్టుకున్నాను.

ఇళ్లు గాలి చొరకుండా కట్టి ఉంటాయి. అన్నం ఆవిరి, స్నానం ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి బయటికి పోయే దారి ఉండదు. చలికాలంలో ఆ తేమ చల్లటి గోడ మూలల్లో చేరి నల్లటి బూజు పడుతుంది. అది మీ తప్పేనని యజమాని డిపాజిట్ పట్టుకోవచ్చు.

చేయాల్సింది:

- హీటర్ కట్టేసి, కిటికీలు పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. రోజుకు రెండు మూడుసార్లు. మంచు పడుతున్నా సరే.
- కిటికీని రోజంతా వాల్చి ఉంచొద్దు. గాలి సరిగ్గా మారదు, గోడ మాత్రం చల్లబడుతుంది, హీటింగ్ బిల్లు పెరుగుతుంది.
- మంచం, బీరువా బయటి గోడకు జానెడు దూరంలో ఉంచండి.
- స్నానం అయ్యాక అద్దాలు, టైల్స్ మీది నీళ్లు వైపర్‌తో లాగేయండి. చాలా బాత్రూముల్లో నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. బకెట్లతో కడిగితే కింది ఇంటి సీలింగు తడుస్తుంది.

బూజు చిన్న మచ్చగా ఉన్నప్పుడే 70 నుంచి 80 శాతం ఆల్కహాల్‌తో తుడవండి, పొయ్యి దగ్గర మాత్రం కాదు. ఎక్కువైతే ఫొటోతో యజమానికి ఈమెయిల్ రాయండి. నోటిమాట లెక్కలోకి రాదు.

ఇక పోపు. నూనె కాగాక కిటికీ తెరవడం కాదు, ఆవాలు వేయకముందే తెరవండి. పడకగది తలుపు వేసి, కోట్లు బీరువాలో పెట్టండి. ఉన్ని కోటుకు పట్టిన ఇంగువ వాసన వారం రోజులు మీతో ట్రామ్ ఎక్కుతుంది. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగితే దాని మీద బటన్ నొక్కి కిటికీలు తెరవండి. కంగారులో మెట్ల వైపు తలుపు తీయొద్దు, ఘాటంతా బిల్డింగులో తిరుగుతుంది. అలారం పీకి డ్రాయరులో పడేయడం చాలామంది చేసే పని. అది పడకగదుల్లో చట్టప్రకారం ఉండాల్సిన వస్తువు.

## 6. ఇంటి చప్పుడు: ఆదివారం మిక్సీ

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం. ఆదివారాలు, పండుగ రోజులు మొత్తం నిశ్శబ్దమే. కొన్ని బిల్డింగుల్లో మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా కూడా పాటించాలి. ఒప్పందంతోపాటు ఇచ్చిన ఇంటి నియమాల కాగితం చదవండి, జర్మన్ రాకపోతే ఫోన్‌తో తర్జుమా చేసుకోండి.

మన ఇంట్లో ఆదివారం పొద్దున్నే ఇడ్లీ పిండి రుబ్బడం పుణ్యకార్యం. ఇక్కడ అదే సమయానికి కింది ఇల్లు నిద్రపోతుంటుంది. శనివారం సాయంత్రమే రుబ్బేసుకోండి. చలికాలంలో పిండి పొంగడానికి ఎలాగూ పద్దెనిమిది గంటల దాకా పడుతుంది, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి లోపల పెట్టండి. మిక్సీ కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే బండ అదరదు.

ఆదివారం చేయకూడనివి: గోడకు డ్రిల్లింగ్, వాక్యూమ్ క్లీనర్, గాజు సీసాలు డబ్బాలో పడేయడం. వాషింగ్ మెషీన్ సంగతి బిల్డింగును బట్టి ఉంటుంది.

మనవాళ్లు మర్చిపోయేది బాల్కనీ. స్పీకర్ ఆన్ చేసి అమ్మతో మాట్లాడితే వీధంతా వింటుంది. ఇండియా చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు ముందుంటుంది. పిలవడానికి ఇక్కడి సాయంత్రం కంటే మధ్యాహ్నం మేలు.

పుట్టినరోజుకు పదిమందిని పిలిస్తే రెండు రోజుల ముందే మెట్ల దగ్గర చీటీ అంటించండి: తేదీ, సమయం, మీ ఫోన్ నంబరు. దానివల్ల 10 దాటాక గోల చేసే హక్కేమీ రాదు. కానీ పోలీసులకు బదులు మీకే ఫోన్ చేస్తారు.

## 7. చెత్త, సీసాలు

మామూలుగా నీలం డబ్బా కాగితానికి, పసుపు డబ్బా ప్యాకింగుకు, గోధుమరంగుది కూరగాయల తుక్కుకు, నల్లది మిగతావాటికి. ఊరిని బట్టి రంగులు మారుతాయి, ఊరి చెత్త క్యాలెండర్ చూసుకోండి. పెరుగు డబ్బా కడగక్కర్లేదు, చెంచాతో గీకేస్తే చాలు. మిగిలిన సాంబారు టాయిలెట్‌లో పోయొద్దు, కాలువల్లో ఎలుకలు చేరతాయి.

గాజు సీసాలకు వీధి చివర వేరే డబ్బాలుంటాయి: తెలుపు, గోధుమ, ఆకుపచ్చ. నీలం సీసా ఎందులో అంటే ఆకుపచ్చలో.

నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు డబ్బాలు పారేయొద్దు. ఒకసారి వాడే వాటికి 25 సెంట్లు, బీరు సీసాకు ఎక్కువగా 8 సెంట్లు ముందే తీసుకుంటారు. సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్లో చూపించాలి. సీసా నలిపితే మెషీన్ తీసుకోదు.

## 8. బజారు, రోడ్డు, రైలు

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పండుగ శనివారమో సోమవారమో పడితే వరుసగా రెండు రోజులు. పాలు, పెరుగు, మందులు ముందే చూసుకోండి.

ట్రాలీకి నాణెం కావాలి. కౌంటర్లో కూర్చున్నామె సరుకు నెడుతున్న వేగానికి సర్దలేక మొదట్లో చెమటలు పడతాయి. బరువైనవి ముందు పెట్టండి, అన్నీ తిరిగి ట్రాలీలోకి వేసుకుని డబ్బు కట్టి, పక్కకు వెళ్లి సర్దుకోండి. సంచి మీరే తెచ్చుకోవాలి. జేబులో కొంత నగదు ఉంచుకోండి, కార్డు తీసుకోని బేకరీలు ఇంకా ఉన్నాయి.

రోడ్డు మీద ఎర్రగా వేసిన దారి చాలాచోట్ల సైకిళ్లది. అందులో నిలబడి ఫోన్ చూస్తే గంట మోగుతుంది, తర్వాత తిట్లు. బండ్లు రాకపోయినా ఎర్ర లైటుకు దాటొద్దు, ముఖ్యంగా పక్కన పిల్లలుంటే.

టికెట్ గేట్లు లేవని ట్రైన్ ఉచితం అనుకోవద్దు. మామూలు బట్టల్లో వచ్చే తనిఖీవాళ్లకు దొరికితే 60 యూరోలు. టికెట్ కొన్నా ముద్ర వేయాల్సిన చోట వేయకపోతే అంతే శిక్ష. రోజూ తిరిగేవాళ్లకు దేశమంతా ఊరి బస్సులు, లోకల్ రైళ్లలో చెల్లే నెలసరి పాసు ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దూరం పోయే వేగవంతమైన రైళ్లలో అది చెల్లదు.

ఇండియా లైసెన్సుతో, ఇక్కడ నివాసం ఏర్పరచుకున్నాక ఆరు నెలలే నడపవచ్చు.

## 9. టైమ్, పిలుపులు, వడ్డనలు

'హాల్బ్ డ్రై' అంటే మాటకు మాట 'సగం మూడు'. మనం మూడున్నర అనుకుంటాం. అది రెండున్నర. డాక్టరు అపాయింట్‌మెంట్ నేను ఒకటి ఇలాగే పోగొట్టుకున్నాను. అంకెల్లో రాసి చూపించమని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. డబ్బు లెక్కలో చుక్క, కామా తారుమారు: 1.000,50 అంటే వెయ్యి యూరోల యాభై సెంట్లు.

అయిదు నిమిషాలు ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టండి. బస్టాండులో నిలబడి "వచ్చేశా, సందు మలుపులో ఉన్నా" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇంటికి పిలిస్తే పూలో, చాక్లెట్లో పట్టుకెళ్లండి. గుమ్మంలో చెప్పులు విప్పాలా అని అడగండి, చాలా ఇళ్లలో విప్పాలి. అసలు జాగ్రత్త వడ్డన దగ్గర. మనింట్లో రెండుసార్లు వద్దని మూడోసారికి వేయించుకుంటాం. ఇక్కడ ఒకసారి వద్దంటే గిన్నె వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. కావాలంటే మొదటిసారే కావాలనండి. అలాగే మీ ఇంటికొచ్చినవాళ్లు చాలంటే బలవంతంగా గరిటె వంచొద్దు. శాకాహారం అని ఊరుకోకుండా చేప, గుడ్డు కూడా తిననని విడిగా చెప్పండి.

పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు చెప్పినా అశుభమంటారు. ఆఫీసులో కేకు తేవాల్సింది పుట్టినరోజు ఎవరిదో వాళ్లే.

'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. ఈ తేడా మనకు కొత్త కాదు. పెద్దవాళ్లను, ఆఫీసర్లను, పొరుగువారిని వాళ్లు చెప్పేదాకా 'జీ' అనే అనండి.

## 10. ఒంట్లో బాగోకపోతే

- ప్రాణం మీదికి వస్తే, మంటలంటుకుంటే: 112
- పోలీసు: 110
- రాత్రిపూట, సెలవు రోజుల్లో డాక్టరు కావాలి కానీ అత్యవసరం కాదంటే: 116117

మిగతా సమయాల్లో మీ ఫ్యామిలీ డాక్టరే. జబ్బు చేశాక వెతికితే కొత్తవాళ్లను తీసుకోం అంటారు, బాగున్నప్పుడే దగ్గర్లో ఒకరిని చూసుకోండి. జ్వరానికి ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఆశించొద్దు. రెస్టు తీసుకో, టీ తాగు అంటే మిమ్మల్ని పట్టించుకోలేదని కాదు, వైద్యం అంతే.

ఆఫీసుకు ఆ ఉదయమే చెప్పాలి. మూడు రోజులు దాటితే డాక్టరు ధృవీకరణ కావాలి, కొన్ని ఆఫీసులు మొదటి రోజే అడగవచ్చు.

## 11. పొరుగువారితో తొలి పరిచయం

ఇంట్లో దిగిన వారంలో బెల్లు కొట్టి పేరు చెప్పండి. రెండు నిమిషాలు చాలు, లోపలికి పిలవకపోతే చిన్నబుచ్చుకోవద్దు. లిఫ్టులో, డాక్టరు గదిలో లోపలికి వెళ్లగానే అందరికీ కలిపి ఒక నమస్కారం చెప్పడం ఇక్కడి పద్ధతి. 'గూటెన్ టాగ్', దక్షిణాన 'గ్రూస్ గాట్'.

తలుపు మీద ఫిర్యాదు చీటీ వచ్చిందనుకోండి, లోపల దాచి బాధపడొద్దు. సాయంత్రం 6 ప్రాంతంలో వెళ్లి, తెలియలేదు, ఇకముందు చూసుకుంటానని చెప్పండి. వివరణ పెంచొద్దు. ముఖం మీదే చెప్పడం వాళ్ల అలవాటు, అక్కడితో మరిచిపోవడం కూడా.

మీరు ఇంట్లో లేనప్పుడు మీ పార్సిల్ పక్కింట్లో ఇస్తారు, డబ్బాలో ఆ ఇంటి పేరుతో చీటీ వేస్తారు. అదే రోజు వెళ్లి తెచ్చుకోండి. పండక్కి చేసినవి నాలుగు పట్టుకెళ్తే ఇంకా బాగుంటుంది, జీడిపప్పు, పాలు ఉన్నాయా లేదా ముందే చెప్పండి. మా పక్కింటావిడకు సున్నుండ ఇస్తే అది తినేదా, స్నానానికి వాడేదా అని అడిగింది.